లచ్చయ్య చెయ్యి

మరక కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. ఏ హోటల్లోనైనా టిఫిన్‌కు కూర్చుంటే ముందు నా ఎదురుగా ఉన్న బల్ల తుడుస్తాను, ఆ తర్వాత పక్కాయన ముందున్నదీ తుడిచేస్తాను. పెళ్లిచూపుల నాడు వాళ్లింటి గోడ మీద క్యాలెండర్ వంకరగా ఉందని లేచి సరిచేశానని మా ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్విస్తుంది. ఇలాంటి జబ్బుకు జీతమిచ్చి కూర్చోబెట్టే ఉద్యోగం దొరకడం నా అదృష్టమని చాలాకాలం మురిసిపోయాను. ఆ మురిపెం ఎలా దిగిందో చెప్పాలి.

ఉద్యోగం పేరు యానిమేటర్. చోటు విశాఖపట్నం దొండపర్తిలో, కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పైన రెండు గదులూ ఒక బాల్కనీ. బయట ‘ఉప్పుగాలి గేమ్స్’ అని చిన్న బోర్డు ఉంటుంది. నలుగురం కలిసి వీడియో గేములు తయారుచేస్తాం. యజమాని శకుంతల గారు. గేముకు కథ రాసేదీ ఆవిడే, కింద మిషన్ల చప్పుడు మరీ ఎక్కువైతే దిగి వెళ్లి పోట్లాడేదీ ఆవిడే. ఇంతియాజ్ ప్రోగ్రాములు రాస్తాడు. తెర మీద బొమ్మలకు నడకా, పరుగూ, చేతుల కదలికా ఇచ్చేది నేను, అంటే వరహాలరావు. నాలుగో మనిషి మైలపల్లి నూకరత్నం. గేము ఎక్కడ విరుగుతుందో వెతికి పట్టుకోవడం ఆమె పని. ఒకే గోడ మీంచి మూడొందలసార్లు దూకమన్నా విసుక్కోకుండా దూకుతుంది. ఒక లెవెల్ ఏ తప్పూ లేకుండా పూర్తయితే కుడిచేత్తో జుట్టు చెవి వెనక్కి తోసుకుంటుంది. ఆ చెయ్యి పైకి లేచిందంటే గండం గడిచిందని మేం ముగ్గురం ఊపిరి పీల్చుకునేవాళ్లం.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరూ ఆఫీసు పని ముట్టుకోకూడదు. దాన్ని సొంత పూట అంటాం. శకుంతల గారు కింద దుకాణం నుంచి అరువు తెచ్చిన మిషన్ మీద పాత చీరలతో బొంతలు కుడతారు. రత్నం గళ్లనుడి నింపుతుంది, అదీ పెన్సిల్‌తో కాదు, పెన్నుతో. నేను ఎవరెవరి ఇళ్లలోంచో వచ్చిన పాత ఫోటోల మీద గీతలూ మచ్చలూ తీసేస్తాను. సరిగ్గా అయిదింటికి సొంత పూట అయిపోతుంది, తుడుపు మొదలవుతుంది. అంటే నలుగురం కంప్యూటర్లలో పేరుకుపోయిన అనవసరపు ఫైళ్లన్నీ వెతికి తీసిపారేయాలి. ఈ తుడుపును ప్రవేశపెట్టింది నేనే.

గ్లవ్ పుట్టింది కూడా సొంత పూటలోనే. ఇంతియాజ్ వాళ్ల తాతగారు హార్మోనియం వాయించేవారు. మనవడికి వాయించాలని కోరిక ఉంది గానీ సాధన చేసే ఓపిక లేదు. అందుకని ఓపిక అక్కర్లేని దారి వెతికాడు. వెతకడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ సాధన చేసుంటే హార్మోనియం ఎప్పుడో వచ్చేదని శకుంతల గారు ఏడిపించేవారు.

చివరికి ఒక శుక్రవారం మోచేతిదాకా ఉండే, వేలికొనలు మాత్రం తెరిచి ఉన్న నల్లటి గ్లవ్ తెచ్చి నాకు తొడిగి, “నాలుగు పేజీలు ఏదైనా రాయి అన్నా” అన్నాడు. రాశాను. తర్వాత అదే గ్లవ్ తాను తొడుక్కుని ఏదో నొక్కాడు. సన్నగా కరెంటు పాకినట్టు వాడి ముంజేతి కండరాలు కదిలాయి. వాడి వేళ్లు పెన్ను పట్టుకుని, నా రాతలో, నా వంపుల్తో, నేను రాసిందే రాశాయి. నా చేతికి మెదడు నుంచి అందే కబుర్లను ఆ గ్లవ్ పట్టుకుని దాచుకుంది. వాటినే వాడి చేతికి వినిపించింది.

“మొదట్లో వేరేవాళ్లు నీ చెయ్యి పట్టుకుని దిద్దిస్తున్నట్టుంటుంది. పదిహేను ఇరవై గంటలు అలా దిద్దితే ఇక గ్లవ్ అక్కర్లేదు, చేతికే వచ్చేస్తుంది” అన్నాడు.

వచ్చేసింది కూడా. నెల తిరిగేసరికి వాడి సంతకం నా రాతలోకి మారిపోయి, బ్యాంకులో నువ్వు నువ్వు కాదన్నారు. వాడి సొంత రాత మళ్లీ తిరిగి రాలేదు. ఒక పనికి చెయ్యి ఒక్క పద్ధతినే దాచుకుంటుందని, కొత్తది వస్తే పాతది పోతుందని మాకప్పుడు తెలిసింది. తెలిసి నవ్వుకున్నాం. భయపడాలని ఎవరికీ తోచలేదు.

“దీంతో గేము చేద్దాం. చిరిగిన వల ఉంటుంది. పడవ వెళ్లేలోగా బాగుచేయాలి. ఆడినవాళ్లకు ఆట అయ్యేసరికి నిజంగా వల బాగుచేయడం వచ్చేయాలి” అన్నారు శకుంతల గారు.

మేం ముగ్గురం రత్నం వైపు చూశాం. రత్నం వాళ్లది జాలరిపేట. వాళ్ల నాన్న లచ్చయ్య ముడి వేసిన వల విప్పాలంటే సముద్రం కూడా ఆలోచిస్తుందని పేటలో చెప్పుకుంటారని ఆమే ఒకసారి గొప్పగా చెప్పింది.

*

లచ్చయ్యకు అరవై రెండేళ్లు. నున్నటి గుండు, ఒక్క వెంట్రుక లేదు. ఒడ్డుకు లాగిన పడవ నీడలో కూర్చుని, కాలి బొటనవేలికి వల తగిలించుకుని, ఇంతియాజ్ గ్లవ్ తొడుగుతుంటే అనుమానంగా చూశాడు.

“ఏటి బావూ, ఇది నా సెయ్యి అట్టుకుపోద్దా?”

“పోదు మావా. నీది నీ దగ్గరే ఉంటాది. మాకు కాపీ చాలు” అన్నాను.

“కాపీయా! మా పిల్ల పరీచ్చల్లో కాపీ కొడితే తంతానని సెప్పినాను. ఇప్పుడదే నాసేత కొట్టించేత్తంది” అని నవ్వి పని మొదలుపెట్టాడు.

ఆరు గంటలు. సూది వల కన్నులోంచి వెళ్లడం, దారం మెలిక తిరగడం, ముడి బిగియడం, మళ్లీ సూది. నేను చూస్తున్నది వేళ్లను. ఆయన చూస్తున్నది మమ్మల్నీ, సముద్రాన్నీ, దారిన పోయేవాళ్లనీ. ఒక్కసారి కూడా వల వైపు చూడలేదు.

“వల సూడకుండా ఎలా మావా?” అన్నాను.

“సెయ్యి సూత్తంది గదా” అన్నాడు. ఆ మాట సరదాకి అన్నాడనుకున్నాను.

తర్వాతి రెండు నెలలూ రత్నం ఆ గ్లవ్ వేసుకుని, లచ్చయ్య చెయ్యిని ఉన్నదున్నట్టుగా తన చేతికి ఎక్కించుకుని నలభై గంటలు ఆడింది. ఆమె అంతకు ముందు ఎప్పుడూ వల సూది పట్టుకోలేదు. చదువుకునే పిల్లవి నీకెందుకని వాళ్ల నాన్న ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒక ఆదివారం కృతజ్ఞతగా పంచెల చాపు పట్టుకుని నేను వాళ్లింటికి వెళితే, రత్నం ఒట్టి చేతుల్తో సూది తీసుకుని వాళ్ల నాన్న ముందు కూర్చుంది. చిరిగిన చోట ఒక వరస కుట్టేసింది.

లచ్చయ్య మొహంలో నవ్వు పోయింది. ఆ పిల్ల కుడిచెయ్యి లాక్కుని, అరచెయ్యి తిప్పి చూశాడు, గోళ్లు చూశాడు. “ఇది నా సెయ్యే” అన్నాడు మెల్లగా. “నాకు ముప్పయ్యేళ్లు పట్టినాది. దీనికి నలబై గంటలేటి?”  తర్వాత ఆయనే తేలిగ్గా, “సర్లే, పైవోడి సేతికి పోలేదు గదా, నా గుంట సేతికే వొచ్చినాది” అని సూది తిరిగి ఆమెకే ఇచ్చాడు.

*

ఇక నా వంతు వచ్చింది. గేములోకి వెళ్లేముందు రికార్డు చేసిన కదలికను శుభ్రం చేయాలి. ఎవరి చెయ్యైనా కొంచెం వణుకుతుంది, తడబడుతుంది, ఊరికే అటూ ఇటూ పోతుంది. ఆ పనికిరానివన్నీ ఏరిపారేస్తే కదలిక నునుపుగా తేలుతుంది. పన్నెండేళ్లుగా నేను చేస్తున్నది అదే, దానికే నాకు పేరు.

లచ్చయ్య రికార్డింగులో ప్రతి ముడికీ ముందు బొటనవేలు అరక్షణం ఆగుతోంది. ఆగి, గోరు దారం మీద అంగుళం వెనక్కి పోయి, మళ్లీ ముందుకు వస్తోంది. దానివల్ల ఏమీ జరగడం లేదు. దారం కదలదు, ముడి బిగియదు. తెర మీద చూస్తుంటే నాకు పంటి కింద రాయిలా ఉంది.

“అది మా అయ్య ఎప్పుడూ సేత్తాడన్నా” అంది రత్నం నా వెనక నిలబడి. కంగారులోనూ ఆలోచనలోనూ ఆమెకు పేట మాట వచ్చేస్తుంది. “ఎందుకో తెలీదు గానీ, ఉంచేద్దాం.”

“ఎందుకో తెలీనిది ఉంచడమెందుకు? ఒక్కో ముడికి అరక్షణం ఆలస్యం. ఆడేవాళ్లకు విసుగొస్తుంది” అన్నాను పెద్దమనిషిలా.

నాలుగు రోజుల్లో మొత్తం ఏరేశాను. కదలిక నీళ్లు పారినట్టు వచ్చింది. శకుంతల గారు చప్పట్లు కొట్టారు. ఆ శుక్రవారం అయిదింటికి తుడుపులో పాత పచ్చి రికార్డింగ్‌ను కూడా తీసిపారేశాను. చాలా చోటు ఆక్రమిస్తోందని, ఇక దాంతో పనేముందని. అలా చేసినందుకు ఆ సాయంత్రం నేను తృప్తిగా టీ తాగాను కూడా.

*

అయిదు వారాల తర్వాత ఒక పొద్దున రత్నం ఆఫీసుకు రాలేదు. ఫోన్ చేస్తే ఆసుపత్రిలో ఉంది. లచ్చయ్య పడవ నెట్టబోయి ఇసకలో కూలబడ్డాడట. పక్షవాతం. మాట వారంలో తిరిగొచ్చింది, కాలు ఈడుస్తూ అయినా లేచింది, కుడిచెయ్యి మాత్రం ఒళ్లో పెట్టిన వస్తువులా పడి ఉంది.

ఫిజియోథెరపిస్టు పద్మజ గారు మొహమాటం లేని మనిషి. “మొదటి మూడు నెలలే ముఖ్యం. దెబ్బతిన్న మెదడు కొత్త దారులు వెతుక్కుంటూ ఉంటుంది. ఆ తర్వాత ఎక్కడ ఆగితే అక్కడే” అన్నారు.

ఆ మర్నాడు రత్నం ఆఫీసుకొచ్చి, ఎవరినీ పలకరించకుండా గ్లవ్ ఉన్న బల్ల దగ్గర నిలబడింది.

“మా అయ్య సెయ్యి మన దగ్గరుంది గదా. తిరిగి ఆయనకి ఇచ్చీండి” అంది.

శకుంతల గారు వెంటనే సరేననలేదు. గేము కోసం చేసినదాన్ని రోగి మీద ప్రయోగించడమేమిటని రెండు రోజులు మథనపడ్డారు. స్వయంగా పద్మజ గారిని ఆఫీసుకు పిలిచి, గ్లవ్ ఆవిడ చేతికి తొడిగి చూపించారు. డాక్టర్లతో మాట్లాడి, ఎంత కరెంటు, రోజుకు ఎంతసేపు అన్నది పద్మజ గారే నిర్ణయించారు. రోజుకో గంట, ఆవిడ కళ్లెదుటే.

మొదటి రోజు లచ్చయ్య వేళ్లు కదిలినప్పుడు రత్నం వాళ్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మూడో వారానికి గ్లవ్ లేకుండా చెయ్యి గ్లాసు పట్టుకుంది. అయిదో వారానికి సూది పట్టుకుని ముడి వేసింది. వరసగా ఇరవై ముడులు, ఎక్కడా ఆగకుండా. మేం నలుగురం ఆ గదిలో చిన్నపిల్లల్లా గంతులేశాం. ఇంతియాజ్ అందరికీ బందరు లడ్డూలు తెచ్చాడు. గంతులేస్తూ లచ్చయ్య మొహం చూడడం మరిచిపోయాం. ఆయన నవ్వలేదు. తన చెయ్యి చేస్తున్న పనిని వంగి, కళ్లు చికిలించి చూస్తున్నాడు.

వల వైపు చూడని మనిషి ఇప్పుడు వల వైపే చూస్తున్నాడని ఇంటికి వెళ్లేదారిలో గానీ నాకు తట్టలేదు.

*

ఏడో వారంలో లచ్చయ్య తన తమ్ముడు ఎర్రయ్యకు వల బాగుచేసి ఇచ్చాడు. ఒకప్పుడు రోజంతా పట్టే పని పూటలో అయిపోయింది. మూడు రోజులకు ఎర్రయ్య ఆ వల తెచ్చి అన్న ముందు పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. నిండా చేపలతో పైకి లాగుతుంటే నడిమధ్య విచ్చిపోయిందట. పట్టినదంతా మళ్లీ సముద్రంలోకే పోయింది. పడవలో ముగ్గురు మనుషులు ఒట్టి చేతుల్తో ఒడ్డుకొచ్చారు.

కబురు తెలిసి నేను వెళ్లేసరికి లచ్చయ్య అరుగు మీద ఉన్నాడు. కుడిచెయ్యి తొడకింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు.

“సూడు బావూ” అని ఎడంచేత్తో వల ముందుకు తోశాడు. “ముడులు సూడు.”

ముడులన్నీ గట్టిగానే ఉన్నాయి. ఒక్కటీ ఊడలేదు. దారమే తెగింది, ప్రతిచోటా ముడికి ఓ అంగుళం ఇవతల.

“ఇసకలో రాసుకుని దారం ఒక్కో సోట సన్నంగా కోసుకుపోద్ది. కంటికి కనబడదు. గోరుకి తగులుద్ది. తగిలితే ఆ ముక్క కోసీసి, మంచి దారంతో ముడెయ్యాల. ఎవుడూ నేర్పలేదు, నాకూ తెలీదు నాను సేత్తున్నానని. ఈ వల సూసినాక తెలిసింది, ఈ సెయ్యి అది సెయ్యడం నేదని.” తొడకిందున్న చేతి వైపు తల ఊపి, “పని సేత్తంది బావూ. సూడ్డం నేదు. గుడ్డిదైపోనాది” అన్నాడు.

 తెర మీద నాకు పంటి కింద రాయిలా తోచిన ఆ అరక్షణం, ఆ గోరు వెనక్కి పోవడం, అదే ఆయన చూపు. దాన్ని నేను నాలుగు రోజులు కూర్చుని ఒక్కొక్కటిగా పెకిలించాను. పెకిలించిన చేతినే ఆయనకు తగిలించాను.

అక్కడే, ఆ అరుగు మీదే చెప్పేశాను. నేనే తీసేశానని, రత్నం వద్దన్నా వినలేదని, అసలుదాన్ని కూడా చెరిపేశానని. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆయన తిడితే బాగుండేది. తిట్టలేదు.

“నువ్వు సుబ్బరమైన మనిసివి” అన్నాడు అలసటగా. అంతకంటే పెద్ద తిట్టు నన్నెవరూ తిట్టలేదు.

*

వారం రోజులు ఇంతియాజ్ కంప్యూటర్లన్నీ గాలించాడు. చెరిపేసిన ఫైలు తిరిగి వస్తుందేమోనని ఎవరెవరినో అడిగాడు. దాని మీద ఇప్పటికే పదిసార్లు వేరేవి రాసేశామని తేలింది. తుడుపు మేం అంత శ్రద్ధగా చేసేవాళ్లం.

శుక్రవారం వచ్చింది. సొంత పూటలో ఎవరికీ సొంత పని చేయాలనిపించలేదు. శకుంతల గారు కుట్టుకుందామని దారపు ఉండ తీసి, సూదిలోకి ఎక్కించలేక, “రత్నం, నీ కళ్లు మంచివి, కాస్త ఎక్కించిపెట్టు” అన్నారు. రత్నం పరధ్యానంగా అందుకుంది. దారం కొస పట్టుకుంది. పట్టుకుని, బొటనవేలి గోరు అంగుళం వెనక్కి పోనిచ్చి, ముందుకు తెచ్చి, అప్పుడు సూదిలోకి ఎక్కించింది.

నేను కుర్చీలోంచి లేచిన ఊపుకి కుర్చీ కింద పడింది.

“మళ్లీ చెయ్యి.”

“ఏంటన్నా?”

“దారం తీసి మళ్లీ ఎక్కించు!”

మళ్లీ చేసింది. మళ్లీ గోరు వెనక్కి వెళ్లింది. తాను చేస్తున్నట్టు ఆమెకే తెలీదు. నేను కోసిపారేయకముందు, పచ్చి రికార్డింగ్‌తో నలభై గంటలు ఆడిన మనిషి ఆమె ఒక్కతే. కోసినదాన్ని ఆమె ఇంకా ఒక్కసారి కూడా తొడుక్కోలేదు. వాళ్ల నాన్న చెయ్యి మొత్తం, చూపుతో సహా, ఆమె చేతిలో భద్రంగా ఉంది.

ఇంతియాజ్ అప్పటికే గ్లవ్ తీశాడు. రత్నం మాత్రం వెనక్కి తగ్గింది. ఆమె భయం ఏమిటో మాకందరికీ తెలుసు. పద్మజ గారు ముందే చెప్పారు. మూడు నెలల్లో ఇంకా నాలుగు వారాలే మిగిలాయి. ఇప్పుడు రెండో పాఠం మొదలుపెడితే అది మొదటిదాన్ని చెరిపేస్తుంది. కొత్తది నిలదొక్కుకునే లోపల గడువు అయిపోతే ఉన్నదీ పోతుంది. ఆ పాఠం మీదే నిలబడ్డ గ్లాసు పట్టుకోవడం కూడా పోవచ్చు.

“ఇప్పుడు తన అన్నం తాను తింటన్నాడు. చొక్కా బొత్తాలు పెట్టుకుంటన్నాడు. ఆ మాత్రం కూడా పోతే?” అంది రత్నం. “వల లేకపోతే మానె. నేనున్నాను గదా.”

నిర్ణయం ఆయనదేనన్నారు శకుంతల గారు. అందరం పేటకు వెళ్లాం. లచ్చయ్య మొత్తం విన్నాడు. పోతే ఏమేం పోతాయో రత్నం వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చెప్పింది.

“అన్నం నువ్వు తినిపిత్తావు. బొత్తాలు మీయమ్మ పెడతాది” అన్నాడు. “వల ముడి ఎవులేత్తారు? నువ్వు ఉద్దోగం మానుకుని రోజూ ఏత్తావేటి? ఎర్రయ్యకి ఇద్దరు సంటోళ్లు. నా ముడి నమ్ముకుని ఆడు లోపలికెల్తాడు. గుడ్డి సెయ్యితో ముడేసి ఆణ్ని సంద్రంలోకి పంపమంటావా? అలాగని సెయ్యి ఉండీ ముడెయ్యకుండా కూకోమంటావా? నావల్ల కాదమ్మా.” తర్వాత నా వైపు తిరిగాడు. “బావూ, ఈసారి దేన్నీ తుడవకు.”

“తుడవను మావా” అన్నాను.

*

మర్నాడే రత్నం చెయ్యి రికార్డు చేశాం. ఆఫీసు బాల్కనీలో నిజమైన వల కట్టి, ఆరు గంటలు. సాయంత్రం తెర మీద చూసుకుంటే అన్నీ ఉన్నాయి. ఆగడం, గోరు వెనక్కి పోవడం, అరిగిన చోట నిలిచి మళ్లీ తడమడం. ఇంకొకటి కూడా ఉంది. ఒక వరస తప్పు లేకుండా పూర్తయినప్పుడల్లా చెయ్యి పైకి లేచి, జుట్టు చెవి వెనక్కి తోస్తోంది.

ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

“ఇదొక్కటీ తీసేయొచ్చు అన్నా. వరస అయ్యాక వస్తుంది కదా, ముడితో సంబంధం లేదు” అన్నాడు ఇంతియాజ్.

“తీసెయ్యి అన్నా” అంది రత్నం సిగ్గుతో, బాధతో. “మా అయ్యకి బోడిగుండు. పేటంతా నవ్వుతారు.”

అది తీయడం నాకు ఒక్క నిమిషం పని. వేలు మీట మీదే ఉంది. అంతకంటే స్పష్టమైన మరక నా జన్మలో చూడలేదు, వేళ్లు దురద పెడుతున్నాయి. కానీ పోయినసారి కూడా నాకు ముడితో సంబంధం లేదనే అనిపించింది. ఏది దేన్ని పట్టుకుని నిలబడి ఉందో నాకు తెలీదు. తెలుసనుకునే కదా ఒక మనిషి చేతిని గుడ్డిదాన్ని చేశాను. ఆ చెయ్యి పైకి లేస్తేనే వరస బాగున్నట్టని రత్నం చేతికి గుర్తేమో, ఆ గుర్తు లేకపోతే తర్వాతి వరస ఎలా మొదలుపెట్టాలో దానికి తెలీదేమో.

“మాటిచ్చాను” అని వేలు వెనక్కి తీసుకున్నాను.

ఆ నాలుగు వారాలు ఎలా గడిచాయో చెప్పడం నాకు కష్టం. మొదటి వారంలోనే ఉన్న కదలిక పోయింది. గ్లాసు జారిపోయేది. రత్నం అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే లచ్చయ్య గోడ వైపు చూస్తూ తినేవాడు. రెండో వారంలో వేళ్లు బిగుసుకుపోయి, వదులుకావడానికి పద్మజ గారు రోజూ గంటసేపు నూనె పెట్టి మర్దనా చేశారు. మూడో వారం చివర బొటనవేలు ఒక్కటే కొంచెం ఊగింది. నేను రోజూ ఆఫీసు నుంచి పేటకు వెళ్లి, చేసేదేమీ లేక అరుగు ఊడ్చి వచ్చేవాణ్ణి. రత్నం వాళ్లమ్మ మొదట్లో వద్దనేది, తర్వాత చీపురు నాకోసం గుమ్మం పక్కనే పెట్టడం మొదలుపెట్టింది. మా ఆఫీసులో శుక్రవారం తుడుపు ఆగిపోయింది. ఎవరూ మానేద్దామని అనలేదు, అయిదింటికి ఎవరూ లేవలేదంతే.

గడువుకి ఇంకా రెండు రోజులుందనగా, పొద్దున పదింటప్పుడు, లచ్చయ్య గ్లవ్ తీసేయమన్నాడు. ఎర్రయ్య వల తెప్పించుకుని కాలి బొటనవేలికి తగిలించుకున్నాడు. సూది పట్టుకోవడానికే రెండు మూడుసార్లు జారింది. చెయ్యి వణుకుతోంది. ఇదివరకటి నీళ్లలాంటి నునుపు లేదు. సూది కన్నులోంచి వెళ్లింది. దారం మెలిక తిరిగింది.

చెయ్యి ఆగింది. గోరు దారం మీద అంగుళం వెనక్కి పోయింది. ముందుకొచ్చింది. ముడి పడింది.

 రెండో ముడి. మూడోది. నాలుగో ముడి దగ్గర గోరు వెనక్కి వెళ్లి అక్కడే నిలిచిపోయింది. మళ్లీ అదే చోట తడిమింది. లచ్చయ్య ఎడంచేత్తో కత్తి అందుకుని దారం కోసేశాడు. కోసిన ముక్కను నా ఒళ్లోకి విసిరాడు. ఎండకు ఎత్తిపట్టి చూశాను, ఏమీ కనబడలేదు. గోరు ఆనించి చూస్తే తగిలింది, వెంట్రుకవాసి గాటు.

నేను తలెత్తేసరికి లచ్చయ్య వల వైపు చూడడం మానేశాడు. సముద్రం వైపు చూస్తున్నాడు. చేతి దారిన చెయ్యి పని చేసుకుపోతోంది, మెల్లగా, వణుకుతూ, ప్రతి ముడికీ ఆగి చూసుకుంటూ. చాలాసేపటికి వరస పూర్తయింది.

అప్పుడు ఆ నల్లటి, ముడతల చెయ్యి సూదితో సహా పైకి లేచింది. నున్నటి గుండు పక్కగా వెళ్లి, లేని జుట్టును చెవి వెనక్కి తోసి, దిగింది.

అరుగు కింద నిలబడ్డ పిల్లలు కిసుక్కున నవ్వారు. లచ్చయ్య తన చెయ్యిని వింతగా చూసుకున్నాడు.

“ఇదేటిది?”

రత్నం రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. “అది నాది అయ్యా” అంది వేళ్ల సందుల్లోంచి. “తీసెయ్యమన్నాను. వరహాలన్న తియ్యలేదు. ఇంతియాజ్ తీసేత్తాడు, ఇంకా రెండ్రోజుల గడువుంది...”

లచ్చయ్య సూది వల కన్నులో పెట్టి రెండో వరస మొదలుపెట్టాడు.

“ఉండనీ” అన్నాడు.